విడుదలకు ఇంజక్షన్ షరతు పెట్టకండి: రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఉన్నారు. పిల్లలపై లైంగిక నేరాలు చేసినవాళ్లను, కోరిక తగ్గించే ఇంజక్షన్ వేయించుకోవాలనే షరతు మీద విడుదల చేయొద్దని, పార్టీలతో పని లేకుండా మీ అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. నేను పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం) కేసుల్లో పిల్లలకు సహాయకురాలిగా పనిచేస్తాను. బాలల సంక్షేమ కమిటీ అప్పగించిన కేసుల్లో పిల్లల వెంట స్టేషన్‌కి, ఆస్పత్రికి, కోర్టుకి వెళ్లడం, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో ఏం జరుగుతోందో చెప్పడం మా పని. ఇదే విషయం మీద మేం కొందరం కలిసి వినతిపత్రం రాసి మీలో కొందరికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు కార్డులు తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఒక్కరి నుంచీ రాలేదు. సంబంధిత శాఖ కార్యాలయానికి వెళ్తే, ఫైలు ఏ సెక్షన్‌లో ఉందో కూడా చెప్పలేకపోయారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

విషయం ఇది. చిన్నపిల్లల మీదో, ఆడవాళ్ల మీదో అఘాయిత్యం జరిగిన ప్రతిసారీ, ‘వాడికి ఇంజక్షన్ ఇచ్చి మగతనం పోగొట్టాలి’ అనే డిమాండ్ వస్తుంది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత మన ఊళ్లలో ఆ మాట అనని మనిషి లేడు. 2015లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పసిపిల్లల మీద అత్యాచారం చేసినవాళ్లకు ఈ శిక్ష ఆలోచించాలని కేంద్రానికి సూచించారు. శిక్షను తాము నిర్ణయించలేమని, అది పార్లమెంటు చూసుకోవాల్సిన విషయమని 2016లో సుప్రీంకోర్టు అంది. 2024 డిసెంబరులో మహిళా న్యాయవాదుల సంఘం వేసిన పిటిషన్‌తో అంశం మళ్లీ సుప్రీంకోర్టుకు చేరింది, కేంద్రానికి నోటీసులు వెళ్లాయి. అంటే రేపు ఈ ప్రశ్న మీ బల్ల మీదకే వస్తుంది.

చాలామంది చూపిస్తున్న నమూనా అమెరికాది. 1996లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. 2019లో అలబామా చేసిన చట్టం ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లలపై నేరం చేసినవాడు పెరోల్ మీద బయటికి రావాలంటే విడుదలకు కనీసం నెల ముందే మందు మొదలుపెట్టాలి. కోర్టు చాలని చెప్పేదాకా వాడాలి. మానేస్తే మళ్లీ జైలే. 2024లో లూసియానా ఇంకా ముందుకెళ్లి శస్త్రచికిత్సకు కూడా అనుమతించింది. మన దగ్గర కూడా ‘సత్ప్రవర్తన కింద వదిలేసేటప్పుడు ఇంజక్షన్ తప్పనిసరి చేస్తే సరిపోతుంది కదా’ అంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ పిల్లలతో రోజూ కూర్చునేదాన్ని కాబట్టి, ఇది వాళ్లకు ఎందుకు మేలు చెయ్యదో, ఎందుకు కీడు చేస్తుందో చెప్పాలి. నేరస్థుల మీద నాకు ఏ జాలీ లేదు. నా ఆలోచనంతా పిల్లల గురించే.

1. నేరం చేసేవాడు ఎవరు?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు ఏ ఏడాదివి చూసినా, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే. పిల్లల కేసుల్లో బాబాయి, మావయ్య, పక్కింటి తాత, ట్యూషన్ సారు, కొన్నిసార్లు కన్నతండ్రి. ఈ ఒక్క నిజాన్ని పక్కన పెట్టి చేసే ఏ చట్టమైనా పిల్లల మీదే తిరగబడుతుంది.

ఒక కేసు గురించి చెబుతాను, ఊరూ పేర్లూ చెప్పను. కోర్టు వరండాలో బల్ల మీద తొమ్మిదేళ్ల పాప, వాళ్లమ్మ, నేను కూర్చున్నాం. పాప నీళ్ల సీసా మీది కాగితాన్ని గోటితో కొంచెం కొంచెంగా చింపుతోంది. నిందితుడు వాళ్ల నాన్న తమ్ముడు. ముందు రోజు రాత్రి టీవీలో ఈ ఇంజక్షన్ మీద చర్చ నడిచింది. తల్లి నా చెవి దగ్గరికి వంగి అడిగింది: ‘మా మరిదిని దేనికీ పనికిరాకుండా చేసేస్తారంటగా మేడమ్? వాడికింకా పెళ్లి కూడా కాలేదు. మా అత్తగారు నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?’ అలాంటి చట్టం మన దేశంలో లేదని ఎంత చెప్పినా ఆమె మొహంలో భయం పోలేదు. కేసు పిలిచినప్పుడు బోనులోకి వెళ్లి తనకేమీ తెలియదని చెప్పింది. ప్రభుత్వ న్యాయవాది ఆమెను హోస్టైల్‌గా, అంటే ఎదురుతిరిగిన సాక్షిగా ప్రకటించారు. పాప మాత్రం చెప్పాల్సింది చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పాప ఎలా బతికిందో నాకు తెలుసు.

టీవీ చర్చకే ఇంత జరిగితే, అది చట్టమైతే ఏమవుతుందో ఆలోచించండి. శిక్ష పెరిగేకొద్దీ ఇంట్లోవాళ్లు పాప నోరు మూయించడం పెరుగుతుంది. ‘మన వంశం ఆగిపోతుంది’ అనే మాట పెద్దమనుషుల పంచాయతీలో ఎంత పని చేస్తుందో నియోజకవర్గాల్లో తిరిగే మీకు నేను చెప్పక్కర్లేదు.

2. ఈ మందు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు?

అమెరికాలో ఎక్కువగా వాడిన మందు మెడ్రాక్సీప్రొజెస్టిరాన్. మన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఇది బాగా తెలుసు. 2017 నుంచి ‘అంతర’ పేరుతో పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లకు మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాములు ఇస్తున్నది ఇదే. దీన్ని ఎక్కువ రోజులు వాడితే ఎముకలు పలచబడతాయని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. మగవాళ్లలో కోరిక తగ్గించడానికి అక్కడి క్లినిక్కుల్లో వారానికే 300 నుంచి 500 మిల్లీగ్రాముల దాకా వాడారు. బరువు పెరగడం, రక్తం గడ్డకట్టడం, షుగర్, డిప్రెషన్ లాంటి ఇబ్బందులు రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మందు ఆపిన కొన్నాళ్లకు మగ హార్మోన్ మళ్లీ మామూలుకొస్తుంది. కాబట్టి పదేళ్లో ఇరవయ్యేళ్లో వదలకుండా ఇవ్వాలి, రక్తపరీక్షలు చెయ్యాలి, ఎముకల స్కాన్ తీయాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పని ఎవరు చేస్తారు? వాడు ఊరు మారి సూరత్‌కో ముంబైకో వలస వెళ్తే ఎవరు వెతుకుతారు?

మందు తగ్గించేది హార్మోన్‌ని. పోక్సో చట్టం 3వ సెక్షన్ చదవండి. చేత్తో చేసినా, వస్తువుతో చేసినా అది అదే నేరం. నా దగ్గరికి వచ్చే పిల్లలు చెప్పేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి. ఫోన్‌లో ఫోటోలు తీసి బెదిరించేవాడికి, తక్కువ కులం పిల్ల కదా ఎవరడుగుతారులే అనుకునేవాడికి, తాగి అధికారం చూపించేవాడికి ఈ ఇంజక్షన్ ఏం చేస్తుంది?

అలాగని వైద్యమే దండగ అనడం లేదు. పిల్లల పట్ల లైంగిక ఆకర్షణ అనే జబ్బు నిజంగా ఉన్న కొద్దిమందికి మందు పనిచేస్తుంది. 2020లో స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థ డాక్టర్లు 52 మంది మీద ఇలాంటి హార్మోన్ మందు పరీక్షిస్తే, రెండు వారాల్లోనే ప్రమాద సూచికలు తగ్గాయి. కాకపోతే ఆ 52 మందీ సాయం కావాలని తమంతట తామే వచ్చినవాళ్లు. జైలు గేటు దగ్గర సంతకం పెట్టినవాళ్లు కారు.

3. ఆ సంతకాన్ని ఒప్పుకోలు అనగలమా?

‘ఇంజక్షన్ వేయించుకుంటే ఇంటికి పోతావు, లేకపోతే ఇక్కడే ఉంటావు’ అని అడిగి తీసుకున్న సంతకం ఒప్పుకోలు ఎలా అవుతుంది? మన ప్రాంతానికి ఇది కొత్త ప్రశ్న కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను ఆడవాళ్ల మీద ప్రయోగించబోయారు. దాని గురించి వాళ్లకు చెప్పాల్సినవి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం అక్కడికి వెళ్లి నిలదీసింది, విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. మరుసటి ఏడాది కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. 2013లో మీ పార్లమెంటు స్థాయీ సంఘమే దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మనిషికి పూర్తిగా చెప్పకుండా, వద్దనే అవకాశం ఇవ్వకుండా సూది గుచ్చకూడదని మీరే అన్నారు. ఖైదీ విషయంలో ఆ సూత్రం మారితే, దాని తర్వాత ఎవరి వంతు వస్తుందో ఊహించడం కష్టం కాదు. హాస్టల్ పిల్లలూ, ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయిన మానసిక రోగులూ ఎప్పుడూ మొదటి వరసలోనే ఉంటారు.

జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ కూడా ఇదే చెప్పింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత దేశమంతా కోపంతో ఊగిపోతున్న రోజుల్లో, 80 వేలకు పైగా వచ్చిన సూచనలు పరిశీలించి, నెల రోజుల్లో, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. అత్యాచారానికి సమాజంలో ఉన్న మూలాలను ఈ మందు తాకదని, ఒప్పుకోలు లేకుండా ప్రమాదకరమైన దుష్ప్రభావాలకు గురిచేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. మందు ఇచ్చి నిజం చెప్పించే నార్కో పరీక్షలు ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క పూట ఇచ్చే మందుకే ఆ మాట చెప్పిన కోర్టు ఏళ్ల తరబడి ఇచ్చేదానికి ఏమంటుంది?

4. ఇరవయ్యేళ్ల తర్వాత ఇచ్చే మందును ఇవాళ ఎలా నిర్ణయిస్తారు?

12 ఏళ్లలోపు ఆడపిల్లలపై అత్యాచారానికి భారతీయ న్యాయ సంహిత 65వ సెక్షన్ కింద కనీస శిక్షే 20 ఏళ్లు. ముప్పై ఏళ్లవాడు జైలుకెళ్తే యాభై దాటాక బయటికొస్తాడు. అప్పటికి వాడి ఒంట్లో ఏ జబ్బులుంటాయో, మందు అవసరమో కాదో తీర్పు రోజు ఏ జడ్జికి తెలుస్తుంది? దక్షిణ కొరియాలో 2011 నుంచి ఇలాంటి చట్టం ఉంది. 2015 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చికిత్సను సమర్థిస్తూనే, తీర్పుకూ ఇంజక్షన్‌కూ మధ్య ఏళ్లు గడిచిపోతుంటే అవసరాన్ని మళ్లీ పరిశీలించే దారి లేకపోవడం రాజ్యాంగానికి సరిపడదని చెప్పింది. ఈ పద్ధతిని ఒప్పుకున్న దేశమే తన చట్టాన్ని సరిదిద్దుకోవాల్సి వచ్చింది. పాకిస్తాన్ 2020లో ఆర్డినెన్సులో పెట్టి, 2021లో చట్టం చేసేటప్పుడు తీసేసింది.

5. ఈ షరతు విడుదలకు పాస్ అయిపోతుంది

నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది ఇదే. ఇప్పుడు ముందస్తు విడుదల ఇవ్వాలంటే శిక్ష తగ్గింపు చూసే రెమిషన్ బోర్డు కనీసం నేరం ఎంత తీవ్రమైనదో చూడాలి. రేపు ‘ఇంజక్షన్ ఇచ్చాం, ఇక ప్రమాదం లేదు’ అనే కాగితం చేతికొస్తే ఆ కాగితమే సమాధానం అవుతుంది. పలుకుబడి ఉన్నవాడు ఆ కాగితం ముందు తెచ్చుకుంటాడు. అలబామా చట్టంలో, కట్టలేడని కోర్టు తేలిస్తే తప్ప, మందు ఖర్చు నేరస్థుడే భరించాలి. ఆ మినహాయింపు లేకుండా ఇక్కడ పెడితే, డబ్బున్నవాడు గేటు దాటతాడు, లేనివాడు లోపలే ఉంటాడు. 2022 ఆగస్టు 15న గుజరాత్‌లో సామూహిక అత్యాచారం, హత్యల కేసులో 11 మందిని వదిలేస్తే, 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసి మళ్లీ జైలుకు పంపాల్సి వచ్చింది. ఏ అడ్డదారీ లేకుండానే ఇలా జరిగినప్పుడు, చట్టమే ఒక దారి చూపిస్తే ఏమవుతుంది?

బాధిత కుటుంబానికి ఈ సంగతులేవీ ఎవరూ చెప్పరు. వాడు బయటికొచ్చాడని బస్టాండులో ఎదురుపడినప్పుడు తెలుసుకున్న కుటుంబాలున్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఎ సెక్షన్ బెయిలు, పెరోల్, విడుదల విషయాల్లో బాధితుల మాట వినాలని చెబుతోంది. పోక్సోలో అంత స్పష్టమైన హక్కు లేదు. ఒక్క సవరణతో మీరు ఇవ్వగలిగిన రక్షణ ఇది.

6. నేరానికి ముందే సాయం అడిగేవాడికి తలుపు లేదు

దీని గురించి మాట్లాడటానికి చాలామంది ఇష్టపడరు. ఎవరి మీదా చెయ్యి వెయ్యకముందే తన ఆలోచనలకు భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లాలనుకునే మనిషి కూడా ఉంటాడు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరగవచ్చనే అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాల్సిందే. జరిగిన నేరాన్ని దాచకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ ఇంకా ఏ నేరమూ చెయ్యని మనిషి నోరు విప్పలేక ఇంటికి తిరిగిపోతే నష్టపోయేది పిల్లలే. జర్మనీలో బెర్లిన్ షారిటే ఆస్పత్రి 2005 నుంచి ఇలాంటివాళ్లకు గోప్యంగా చికిత్స ఇస్తోంది. మన ఎర్రగడ్డ ఆస్పత్రిలోనో, విశాఖ మానసిక వైద్యశాలలోనో అలాంటి క్లినిక్ ఒకటి పెట్టడం గురించి నాకు తెలిసి ఇంతవరకు చట్టసభల్లో ఎవరూ గట్టిగా అడగలేదు.

7. కేసు తేలేలోపే పిల్లల బాల్యం అయిపోతోంది

దీని మీద ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. పోక్సో 35వ సెక్షన్ పాప సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ ఏడాదిలో పూర్తి చేయాలంటుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో దిశ బిల్లు ఆమోదించి 21 రోజుల్లో తీర్పు అంది, అది అమల్లోకే రాలేదు. ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు కోసం వాయిదా, దర్యాప్తు అధికారి బదిలీ అయ్యాడని వాయిదా, డిఫెన్సు లాయరు రాలేదని వాయిదా. ఏడో తరగతిలో ఫిర్యాదు చేసిన పాప ఇంటర్ పరీక్షల మధ్యలో కోర్టుకొస్తోంది. అత్యాచారం కేసుల్లో శిక్ష పడేది నూటికి ముప్పై కూడా ఉండటం లేదు. మిగతా డెబ్బైకి పైగా కేసుల్లో ఈ ఇంజక్షన్ ఎవరికి ఇస్తారు?

అందువల్ల మిమ్మల్ని కోరేవి ఇవి:

ఒకటి. విడుదలకు గానీ, బెయిలుకు గానీ, శిక్ష తగ్గింపుకు గానీ హార్మోన్ ఇంజక్షన్‌ను షరతుగా పెట్టే ఏ బిల్లునూ సమర్థించకండి. మీ పార్టీ వైఖరి ఏమిటో రాతపూర్వకంగా చెప్పండి.

రెండు. లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లకు జైల్లో అడుగుపెట్టిన మొదటి నెల నుంచే మానసిక వైద్య పరీక్ష, కౌన్సెలింగ్ పెట్టించండి. మందు అవసరమని డాక్టర్ అంటే, విడుదలతో ఏ సంబంధమూ లేకుండా, ఖైదీ ఇష్టంతో, ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలులో మానసిక వైద్య కేంద్రం ఉండాలంటోంది. చర్లపల్లి, రాజమహేంద్రవరం, విశాఖ, కడప, నెల్లూరు జైళ్లలో ఎంతమంది మానసిక వైద్యులు ఉన్నారో పార్లమెంటులో ప్రశ్న వేసి జవాబు రాబట్టండి.

మూడు. పోక్సో చట్టంలో 15ఎ లాంటి సెక్షన్ చేర్చండి. నేరస్థుడి పెరోల్, రెమిషన్, విడుదల గురించి బాధిత కుటుంబానికి ముందే నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట బోర్డు వినాలి. విడుదలయ్యేవాడు ఎక్కడ ఉండబోతున్నాడు, పాప బడికి ఎంత దూరంలో ఉంటాడు అన్నది ముందే తేల్చాలి.

నాలుగు. ప్రతి పోక్సో కేసులో సహాయకులు ఉండాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది. రెండు రాష్ట్రాల్లో అన్ని జిల్లాల్లోనూ ఆ నియామకాలు పూర్తి చేయించండి, వాళ్లకు నెలనెలా గౌరవవేతనం అందేలా చూడండి. బాధితులకు సాయం అందించే భరోసా, సఖి కేంద్రాలు జిల్లా కేంద్రం దాటి డివిజన్ స్థాయికి రావాలి. నిందితుడు ఇంట్లోవాడే అయినప్పుడు తల్లీబిడ్డలు వేరుగా బతకడానికి మధ్యంతర పరిహారం కేసు పెట్టిన నెలలోపు చేతికందాలి. నేను చెప్పిన ఆ తల్లికి అప్పుడు మూడు నెలల ఇంటద్దె చేతిలో ఉంటే, ఆమె బోనులో అలా మాట్లాడేది కాదు.

ఐదు. ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఖాళీలు భర్తీ చేయించి, పోక్సో నమూనాల రిపోర్టులకు గడువు పెట్టించండి.

ఆరు. నేరం చేయకముందే చికిత్స కోరేవాళ్ల కోసం రెండు రాష్ట్రాల్లో ఒక్కో ప్రభుత్వ ఆస్పత్రిలో గోప్యమైన క్లినిక్ పెట్టించండి. 19వ సెక్షన్‌లో అలాంటివారికి ఎంతవరకు రక్షణ ఇవ్వాలో, పిల్లల హక్కుల నిపుణులను, మానసిక వైద్యులను కూర్చోబెట్టి తేల్చండి.

వచ్చే పార్లమెంటు సమావేశాలు మొదలయ్యేలోపు మీ జవాబు కోరుతున్నాం. కలవడానికి సమయం ఇస్తే మీ నియోజకవర్గ కార్యాలయానికే వస్తాం. మా దగ్గర పేర్లు తీసేసిన కేసుల వివరాలు, వాయిదాల తేదీలు, పరిహారం దరఖాస్తుల నకళ్లు ఉన్నాయి, వెంట తెస్తాం. ఎవరు జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఆ జాబితాను సమావేశాలు మొదలైన రోజున నియోజకవర్గాల వారీగా ప్రజల ముందు పెడతాం.

ఇట్లు,
పోక్సో కేసుల్లో పనిచేస్తున్న ఒక సహాయకురాలు